కౌంటరు కంటే ముందు కుళాయి: ఆసుపత్రిలో చిన్న దెబ్బల విభాగం ఎలా పెట్టాలి

వేలు తెగిన మనిషి సాయంత్రం ఆరింటికి క్యాజువాల్టీకి వస్తే ఏమవుతుందో మీకు తెలిసిందే. లోపల ఒక గుండెపోటు కేసు, పురుగుమందు తాగిన కేసు ఇంకొకటి, డ్యూటీ డాక్టరు వాళ్ల దగ్గరే ఉంటాడు, ఈయన రుమాలు చుట్టుకుని బెంచీ మీద రెండు గంటలు కూర్చుంటాడు. పని చూస్తే పదిహేను నిమిషాలది. అక్కడ ఎవరినీ తప్పు పట్టలేం, ఆ వరుసలో ఆయన ఎప్పుడూ చివరే ఉంటాడు మరి. అందుకే ఇలాంటి వాళ్లకి క్యాజువాల్టీ పక్కనే వేరే చోటు, వేరే మనుషులు, వేరే వరుస ఉండాలి. ఇంగ్లండులో ఇదే పనికి అర్జెంట్ ట్రీట్‌మెంట్ సెంటర్లు ఉన్నాయి, రోజుకి కనీసం 12 గంటలు తెరిచి ఉంచాలని వాళ్ల నిబంధన. మనం అంత దూరం పోనక్కర్లేదు. 50, 100 పడకల ఊరి ఆసుపత్రిలో నాలుగు గదులు దొరికితే ఎలా పెట్టాలో చెబుతాను. నేను ఈ పనిలో రెండుసార్లు ఉన్నాను, మొదటిసారి బాగా తప్పులు చేశాం, కింద రాసినదాంట్లో సగం ఆ తప్పుల్లోంచి వచ్చిందే.

1. ఆర్కిటెక్టు కంటే ముందు పాత రిజిస్టర్

క్యాజువాల్టీ రిజిస్టర్ తీసి పోయిన ఏడాది మొత్తం తిరగేయండి. ఒక నెల చూస్తే సరిపోదు, ఎందుకంటే దెబ్బలకి కూడా సీజన్లుంటాయి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడికత్తి తగిలినవాళ్లు, గాలిపటం మాంజాకి కోసుకుపోయినవాళ్లు వస్తారు. ఎండాకాలం ఆవకాయ ముక్కలు కొడుతూ వేళ్లు తెగ్గొట్టుకున్నవాళ్లు, దీపావళికి చేతులు కాలినవాళ్లు, కోతలప్పుడు కొడవలి గాయాలు, కంట్లో వడ్ల పొట్టు పడినవాళ్లు. ఏడాది పొడుగునా ఉండేవి బైకు మీంచి పడి గీసుకుపోవడం, సైలెన్సర్ తగిలి పిక్క కాలడం, బైకు చక్రంలో పిల్లల మడమ ఇరుక్కోవడం, కుక్కకాట్లు. ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీసి ఏ దెబ్బ, ఎన్నింటికి వచ్చారు, ఏం చేశారు, ఎన్నింటికి వెళ్లారు అని రాసుకుంటూ పొండి. బోర్ కొట్టే పనే, కానీ దీన్ని ఎగ్గొట్టి ఎవరో పెద్ద ఆసుపత్రి ప్లాను తెచ్చి కాపీ కొడితే మీ ఊరికి అక్కర్లేని గది ఒకటి కచ్చితంగా వస్తుంది.

అది చేతికొచ్చాక ఎన్ని మంచాలు కావాలో లెక్క తేలిక. రోజుకి 40 మంది వస్తున్నారు, అందులో సగం సాయంత్రం 5 నుంచి 9 లోపు వస్తున్నారు అనుకుందాం. అంటే ఆ నాలుగు గంటల్లో గంటకి 5 మంది. ఒక్కొక్కరు మంచం మీద సగటున అరగంట ఉంటే రెండున్నర మంచాలు ఎప్పుడూ నిండి ఉంటాయి. మనుషులు మాత్రం లెక్కప్రకారం రారు, ఒకే ఆటోలో ఆరుగురు దిగుతారు. కాబట్టి నాలుగు మంచాలు. రోజు మొత్తాన్ని 24తో భాగించి సగటు తీస్తే ఒక్క మంచం కూడా నిండదని వస్తుంది, మేం మొదటిసారి చేసిన ఘనకార్యం అదే, రెండు మంచాలతో మొదలుపెట్టి సాయంత్రమైతే కారిడార్లో కట్లు కట్టాం.

2. ఏది చిన్న దెబ్బ కాదో తేల్చుకోండి

ఈ విభాగానికున్న అసలు ప్రమాదం చిన్నదిలా కనిపించే పెద్ద దెబ్బ. నడిచొచ్చాడు, మాట్లాడుతున్నాడు అని, ఆగొచ్చు అనే ఆకుపచ్చ చీటీ ఇచ్చేస్తాం. అందుకే ఇక్కడ చూడకూడని వాళ్ల జాబితా ముందు రాసి, మీ ఆసుపత్రి సర్జన్, ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు ముగ్గురి చేతా సంతకం పెట్టించండి, రేపు రాత్రి 8 గంటలకి వాదన రాకుండా ఉంటుంది.

తలకి దెబ్బ తగిలి కాసేపైనా స్పృహ పోయినా, వాంతులవుతున్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా నేరుగా క్యాజువాల్టీకి. పడిపోయి తుంటి నొప్పి అనే పెద్దవాళ్లు కూడా అంతే. వేలు తెగి, ఆ వేలు మడవలేకపోతున్నా, కొసన స్పర్శ లేదన్నా అది కుట్టు వేసి పంపే కేసు కాదు, లోపల నరమో స్నాయువో (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) తెగి ఉంటుంది. పిల్లలు ముక్కులో పూస పెట్టుకుంటే ఇక్కడే తీయొచ్చు, గడియారం బటన్ సెల్ పెట్టుకున్నా మింగినా అది ఎమర్జెన్సీ, గంటల్లో లోపల కాల్చేస్తుంది.

ఇక మన ఊళ్లలో ముఖ్యమైంది, "ఏదో కుట్టిందండీ". చీకట్లో గట్టు మీద నడుస్తుంటే ఏదో కుట్టింది, చూడలేదు. నొప్పి పెద్దగా లేదు, వాపూ లేదు. కట్లపాము కాటు సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఏం కుట్టిందో చూడనివాళ్లందరూ పాముకాటు కిందే లెక్క, రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షకి, డాక్టరు కళ్ల ముందు ఉంచడానికి క్యాజువాల్టీకే పోవాలి. తేలు కుట్టిందని కచ్చితంగా తెలిసినా పిల్లల్ని మాత్రం ఇక్కడ ఉంచొద్దు. చెమటలు, చల్లబడిన చేతులు కనిపిస్తే గుండె మీద పడుతోందని అర్థం, ప్రాజోసిన్ మాత్ర ఎంత తొందరగా పడితే అంత మంచిది.

3. మనిషి నడిచే దారి గీయండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన పని, నిజానికి ఈ వ్యాసం దీని కోసమే రాస్తున్నాను. మామూలుగా మనం గీసేది ఎలా ఉంటుందంటే గేటు, రిసెప్షన్, ఓపీ చీటీ, కుర్చీలు, డాక్టరు గది, డ్రెస్సింగ్ రూమ్. సింకు డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక మూల ఉంటుంది. ఇప్పుడు ఎవరు వస్తారో చూడండి. కుక్క కరిచినవాళ్లు 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ల కింద కడుక్కోవాలి. చెయ్యి కాలినవాళ్లు 20 నిమిషాలు చల్లటి నీళ్ల కింద పెట్టుకోవాలి. కిళ్లీ సున్నం ప్యాకెట్ పిసుకుతుంటే కంట్లో చిట్లిన పిల్లాడికి అరగంటైనా ఆగకుండా నీళ్లు పోయాలి, అక్కడ ప్రతి నిమిషం చూపు ఖరీదు. వీళ్లందరికీ మొదటి మందు నీళ్లే. ఆ నీళ్లు చీటీ రాయించుకుని, డబ్బు కట్టి, వరుసలో కూర్చుని, పేరు పిలిచాక దొరికే చోట పెడుతున్నాం.

కాబట్టి కుళాయి గుమ్మం దగ్గర, కౌంటరు కంటే ముందు ఉండాలి. ఒకటి చాలదు, మూడు ఎత్తుల్లో మూడు కావాలి. కాళ్ల ఎత్తులో ఒకటి, దాని ముందు సిమెంటు అరుగు, ఎందుకంటే పెద్దవాళ్లని కుక్క ఎక్కువగా పట్టేది పిక్కనే, 15 నిమిషాలు ఒంటికాలి మీద ఎవరూ నిలబడలేరు. చేతుల ఎత్తులో రెండోది, మోచేత్తో తిప్పే పిడి ఉన్నది. కళ్లకి మూడోది, వంగి రెండు కళ్లూ పెట్టుకునేలా మెల్లగా పైకి చిమ్మేది. అది దొరకకపోతే పడుకోబెట్టడానికి ఒక బల్ల, తలవైపు బేసిన్, పైన సెలైన్ బాటిల్ తగిలించే కొక్కెం పెట్టండి, అంతకంటే బాగానే పనిచేస్తుంది. ఎదురుగా గోడ గడియారం ఉండాలి, లేకపోతే రెండు నిమిషాలకే "అయిపోయిందండీ" అని లేచొస్తారు. సబ్బుబిళ్ల పెడితే వారంలో మాయం, గోడకి బిగించిన డబ్బాలో లిక్విడ్ సబ్బు పోయండి. నేల వాలు బాగా చూసుకోండి, నీళ్లు కుర్చీల కిందకి వచ్చాయంటే నెలలోపే ఎవరో ఒకరు ఆ కుళాయికి తాళం వేస్తారు.

అక్కడే ఒక నర్సు బల్ల. చీటీ రాసేవాళ్ల కంటే ముందు నర్సు చూడాలి, అరనిమిషం చాలు, ఎరుపా (వెంటనే), పసుపా (తొందరగా), ఆకుపచ్చా (ఆగొచ్చు) అని తేల్చడానికి. ఎరుపైతే క్యాజువాల్టీకి అడ్డు లేని దారి ఉండాలి, తలుపు వెడల్పు నాలుగడుగులకి తగ్గితే స్ట్రెచర్ మూలలు గీసుకుంటాయి. గుమ్మం దగ్గర మెట్లు ఉంటే పక్కనే ర్యాంపు, ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. స్థలం లేదని నిటారుగా కట్టిన ర్యాంపు జారుడుబండే.

కుర్చీల విషయంలో పుస్తకాల లెక్కలు మనకి పనికిరావు. ఒక దెబ్బకి నలుగురు వస్తారు. వాళ్లని బయట నిలబెడితే తలుపు తోసుకుని లోపలికొస్తారు, అద్దం లోంచి మంచాలవైపు కొంచెం కనిపించేలా కూర్చోబెడితే నిమ్మళంగా ఉంటారు. ప్రతి మంచం దగ్గరా ఒక్క స్టూలు మాత్రం ఉంచండి. కుట్లు వేస్తుంటే చూసి కళ్లు తిరిగి పడేది దెబ్బ తగిలినవాడు కాదు, పక్కన ధైర్యంగా నిలబడ్డ బావమరిది.

4. గదులు

నాలుగు మంచాల్లో మూడింటికి కర్టెన్లు చాలు, నాలుగోదానికి గోడలు, తలుపు ఉండాలి. ఏడుస్తున్న పిల్లలకి అని పైకి చెప్పండి, అసలు అవసరం వేరే. "బాత్రూంలో జారిపడ్డాను" అని మూడోసారి వచ్చిన అమ్మాయి భర్త ముందు నోరు విప్పదు. తలుపున్న గది ఉంటే, "కట్టు కట్టాలి, మీరు బయట ఉండండి" అని నర్సమ్మ మామూలుగా అనేస్తుంది. పిల్లల ఒంటి మీద అర్థం కాని దెబ్బలు కనిపించినప్పుడు కూడా అదే గది.

మంచం చుట్టూ మూడువైపులా మనిషి తిరగాలి, పదికి పది అడుగులుంటే ఇబ్బంది ఉండదు. పైన ట్యూబులైటు కాకుండా, ఎటైనా వంచగలిగే లైటు ఒకటి. చిన్న గాజు పెంకు, చేప ముల్లు, వెల్డింగ్ రవ్వ, ఇవన్నీ వెలుతురు ఉంటేనే కనిపిస్తాయి. ఇన్వర్టర్ లైను ఆ లైట్లకీ వ్యాక్సిన్ ఫ్రిజ్‌కీ తప్పకుండా ఇవ్వండి. ఏసీకి తర్వాత.

కంటికి ఒక మూల కేటాయించండి. కంటి దెబ్బ ఏదైనా మందు వేసేముందు చూపు ఎంతుందో రాయాలి (రసాయనం పడితే మాత్రం ముందు కడగడమే). అక్షరాల చార్టుకి 6 మీటర్ల దూరం కావాలి, అంత గది లేకపోతే అద్దం పెట్టి 3 మీటర్లలో సర్దొచ్చు. అక్కడి మందుల ట్రేలో స్టెరాయిడ్ చుక్కలు ఉంచొద్దు. వడ్ల పొట్టు, ఆకు గీసుకున్న కంట్లో అవి పడితే లోపలున్న ఫంగస్‌కి మేత వేసినట్టే.

పిండికట్టు గది వేరుగా ఉండాలి, అందులో సింకు గొట్టం కింద పిండి పేరుకునే తొట్టి పెట్టమని ప్లంబర్‌కి ముందే చెప్పండి. మేం చెప్పలేదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ నీళ్లలో కొట్టుకుపోతుంది అనుకున్నాం, నాలుగో నెలకి గొట్టం రాయిలా తయారైతే నేల పగలగొట్టాల్సి వచ్చింది. ఆ గదిలో ఉంగరాలు కోసే కట్టర్ కూడా పెట్టండి. వాచిన వేలికి ఉంగరం, కాలికి మెట్టె బిగుసుకుని వచ్చేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువ. మెట్టె కోయాలంటే ముందు ఇంట్లో పెద్దావిడని ఒప్పించాలి, అది ఏ కట్టర్‌తోనూ అయ్యే పని కాదు.

ఎక్స్‌రే కొత్తగా పెట్టే పనైతే అణుశక్తి నియంత్రణ సంస్థ ఏఈఆర్‌బీ వాళ్ల ఈలోరా పోర్టల్‌లో లైసెన్సు లేకుండా మిషన్ ఆన్ చేయకూడదు, గది ప్లాను, గోడల మందం, తలుపుకి సీసపు రేకు, టెక్నీషియన్‌కి టీఎల్‌డీ బ్యాడ్జీ (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచేది) ఇవన్నీ చూస్తారు. నా సలహా అడిగితే ఉన్న ఎక్స్‌రేనే వాడుకోండి, దాని పక్కనే ఈ విభాగాన్ని పెట్టండి. కాలు బెణికినవాణ్ని రెండో అంతస్తుకి పంపే ఆసుపత్రులు నేను చూశాను. బెణికిన ప్రతి కాలికీ ఎక్స్‌రే అక్కర్లేదు కూడా. కెనడాలోని ఒట్టావాలో 1992లో తయారుచేసిన చీలమండ సూత్రం ఒకటుంది. చీలమండ ఎముకల దగ్గర నొప్పి ఉండి, ఏదో ఒక వైపు ఎముక కొసన గానీ, వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో గానీ నొక్కితే నొప్పి పుట్టినా, లేదా దెబ్బ తగిలినప్పుడూ ఇక్కడికొచ్చాకా నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. లేకపోతే చీలమండకి అక్కర్లేదు. ఇది తెలుగులో బొమ్మతో లామినేట్ చేయించి నర్సు బల్ల మీద పెట్టండి. చిన్నపిల్లలకి, తాగి ఉన్నవాళ్లకి ఇది నమ్మొద్దు.

5. మనుషులు

ఇంగ్లండులో అనుభవమున్న నర్సులే చూసి, కుట్టి, ఇంటికి పంపేస్తారు. మన దగ్గర డాక్టరు చూడాలి, సంతకం పెట్టాలి. అయితే ఆ డాక్టరు క్యాజువాల్టీ డాక్టరే అయితే మీరు పెట్టింది విభాగం కాదు, ఇంకో వెయిటింగ్ హాలు. సాయంత్రం 4 నుంచి 10 వరకైనా ఒక డాక్టరు ఇక్కడే ఉండాలి, మిగతా వేళల్లో కొత్త దెబ్బలకి మూసేసినా ఫర్వాలేదు, బోర్డు మీద టైము స్పష్టంగా రాయండి. ఒక స్టాఫ్ నర్సు, ఒక మంచి డ్రెస్సర్. పాతికేళ్లుగా కట్లు కడుతున్న డ్రెస్సర్ చేతిలో ఉండే పనితనం కొత్తగా వచ్చిన ఎంబీబీఎస్ పిల్లలకి ఉండదు, వాళ్లనే ఆయన దగ్గర నెల రోజులు కూర్చోబెట్టండి.

విరిగిన ఎముకలకి నాటువైద్యులు కట్టే పుత్తూరు కట్టుకి జనం అంతదూరం నుంచి ఎందుకు పోతారో ఒకసారి ఆలోచించండి. అక్కడ మనిషిని వెంటనే ముట్టుకుని చూస్తారని, ఎంతవుతుందో ముందే తెలుస్తుందని వాళ్ల నమ్మకం. అది మనమూ చేయొచ్చు. కట్టుకింత, కుట్టుకింత, పిండికట్టుకింత అని రేట్ల బోర్డు గోడ మీద పెట్టండి. మేనేజ్‌మెంటు వాళ్లు ఒప్పుకోరు, రెండు మూడు మీటింగులు గొడవ పడాల్సి ఉంటుంది.

6. సరుకు, చెత్త

కుట్ల సెట్లు పెద్ద ట్రేలో కలిపి ఉంచొద్దు, మనిషికొక ప్యాక్. రోజుకి 20 కుట్టు కేసులుండి ఆటోక్లేవ్ రెండుసార్లు నడిస్తే 10 సెట్లు చాలనిపిస్తుంది, సాయంత్రం రద్దీకి అవి చాలవు, 20కి తక్కువ కొనొద్దు. దారాల్లో 3-0, 4-0 నైలాన్ ఎక్కువ పోతుంది, ముఖానికి ఇంకా సన్నటి 5-0 విడిగా. ధనుర్వాతానికి అందరూ టీటీ అనే ఇంజెక్షన్ స్థానంలో ఇప్పుడు టీడీ వస్తోంది, పేరు మారిందని రోగికి చెప్పక్కర్లేదు గానీ మందులు తెప్పించే ఇండెంట్ రాసేవాళ్లకి చెప్పాలి. రేబిస్ వ్యాక్సిన్, ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఆ ఫ్రిజ్‌లో ఎవరి పెరుగు డబ్బా ఉండకూడదు. చర్మం చీలిన కుక్కకాటుకి ఇమ్యునోగ్లోబులిన్ గాయంలోనే, చుట్టూ ఎక్కించాలి, గాయాన్ని వెంటనే కుట్టేయకూడదు, ఇవి గోడ మీద పెద్ద అక్షరాల్లో. చర్మం పొరలో ఇచ్చే పద్ధతైతే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి మళ్లీ వస్తారు. ఇలా తిరిగి వచ్చేవాళ్లందరికీ, కట్టు మార్చుకునేవాళ్లతో సహా, పొద్దున 9 నుంచి 11 మధ్య టైము ఇవ్వండి. సాయంత్రం కొత్త దెబ్బలతో కలిపారో, మళ్లీ అదే రెండు గంటల బెంచీ.

చెత్త 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం: రక్తం అంటిన దూది, కట్లు, తీసేసిన పిండికట్లు పసుపు సంచిలో, గ్లవ్స్, సెలైన్ గొట్టాలు ఎర్రదాంట్లో, సూదులు, బ్లేళ్లు తెల్ల గట్టి డబ్బాలో, మందు గాజు సీసాలు నీలం డబ్బాలో. నాలుగూ ప్రతి మంచానికీ అందే దూరంలో ఉండాలి. గది చివర పెడితే సూది చేత్తో పట్టుకుని నడుస్తారు, అప్పుడు నర్సమ్మే పేషెంటవుతుంది.

7. కాగితాలు

బైకు యాక్సిడెంటూ, కొట్లాటా ఎంత చిన్నదైనా ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయాల్సిందే, పోలీసులకి సమాచారం పోవాల్సిందే. కానీ పోలీసులు వచ్చేదాకా ముట్టుకోం అనే మాట ఈ గదిలో వినపడకూడదు. ముందు వైద్యం, తర్వాతే ఫార్మాలిటీలు అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. దెబ్బ తగిలినవాణ్ని తీసుకొచ్చినాయన పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ అందుకే, ఆయన హక్కుల బోర్డు గుమ్మం దగ్గర పెట్టాలని 2020 రూల్స్‌లో ఉంది. ఆ బోర్డు తెలుగులో పెట్టండి, చదివేలా పెట్టండి. పిల్లల మీద లైంగిక దాడి అనుమానం వస్తే పోక్సో కింద తెలియజేయడం తప్పనిసరి, అది ఇష్టాయిష్టాల విషయం కాదు. ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌లో ఈ కొత్త విభాగం చేర్చాలా అన్నది డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి.

8. ఇంటికి పంపే చీటీ

అరచేతి సైజు కాగితం, తెలుగులో, పెద్ద అక్షరాలు. పిండికట్టు వేసినవాళ్లకి: వేళ్లు నీలమైనా, తిమ్మిరెక్కినా, మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతున్నా అర్ధరాత్రైనా క్యాజువాల్టీకి రండి, తెల్లారనివ్వొద్దు. తల దెబ్బకి: వాంతులు, మగత, మాట తడబడడం కనిపిస్తే వెంటనే రండి. కుట్లకి: ముఖం మీదవి 5 రోజులకి, తలవి 7 నుంచి 10, కాళ్లూ చేతులవి 10 నుంచి 14 రోజులకి తీస్తాం. వాక్యాలు రాసింది డాక్టరైనా, ఒకసారి మీ ఆయమ్మ చేత చదివించుకోండి, ఆవిడ తడబడ్డ చోటల్లా మార్చండి.

బోర్డు విషయం ఇక్కడే చెప్పేస్తాను. మేం మొదట "అర్జెంట్ కేర్ సెంటర్" అని పెట్టాం. అర్జెంట్ అన్నారు కదా అని ఛాతీనొప్పితో ఒకాయన వచ్చి అక్కడే కూర్చున్నాడు. దేవుడి దయ, నర్సు చూసి పరిగెత్తించింది. మర్నాడే "చిన్న దెబ్బలు: కట్లు, కుట్లు, బెణుకులు, కాలిన గాయాలు" అని రాయించి, కింద "ఛాతీనొప్పి, ఆయాసం, పాముకాటు: ఎర్ర గీత వెంట వెళ్లండి" అని నేల మీద గీత గీయించాం.

9. తెరిచేముందు రోజు

కుడిచేతికి కట్టు కట్టించుకుని, మెడకి వేలాడేసుకుని, ఆసుపత్రి గేటు నుంచి మీరే నడవండి. తర్వాత ఒక కాలు నేల మీద పెట్టకుండా ఇంకోసారి. ఎక్కడ తలుపు తోయలేకపోయారో, ఎక్కడ పట్టుకోవడానికి ఏదీ దొరకలేదో, ఎక్కడ సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చారో రాసుకోండి. మా ఎముకల డాక్టరుగారిని ఇలాగే నడిపించాం. కుళాయి బాగుంది, నర్సు బల్ల బాగుంది, మంచం ఎక్కడానికి స్టూలు కూడా సరిపోయింది. బాత్రూంకెళ్లి మాత్రం చాలాసేపు రాలేదు, లోపల గడియ ఒంటిచేత్తో తీయడం కుదరలేదట.